గేమ్ మెషీన్‌లో సినిమా: తాళం ఎవరి చేతిలో ఉంది?

మీలో చాలామంది ఈ ఎపిసోడ్‌ని ఫోన్‌లోనే చూస్తున్నారు, లేదా ఫోన్‌లోనే చదువుతున్నారు. బస్సులో కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సినిమా చూడటం మనకి ఎంత మామూలైపోయిందంటే, దీనికి ఒక చరిత్ర ఉంటుందని కూడా అనిపించదు. కానీ ఉంది. ఫోన్లకి ఇంత తెర లేని రోజుల్లో, జేబులో పట్టే వస్తువు మీద పూర్తి సినిమా చూపించాలని గట్టిగా ప్రయత్నించినవాటిలో చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్లు ముందుంటాయి.

ఈ రోజు ఆ కథ చెప్తాను. పాత గాడ్జెట్ల లిస్టు చదివి వినిపించడం నా ఉద్దేశం కాదు. ఈ కథ మొత్తంలో నన్ను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. మనం డబ్బులిచ్చి కొన్న సినిమాకి తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మొదట్లో మన దగ్గరే ఉండేది. తర్వాత ఎటు పోయిందో చూద్దాం.

2004లో మొదలుపెడదాం. నింటెండో గేమ్ బాయ్ అడ్వాన్స్ అని ఒక మెషీన్ ఉండేది. దాని తెర 240 బై 160 పిక్సెల్స్. ఈ రోజు మీ ఫోన్‌లో ఒక యాప్ ఐకాన్‌కి పట్టేటన్ని చుక్కలు అనుకోండి, కొంచెం అటూ ఇటూగా. మజెస్కో అనే కంపెనీ ఆ తెర కోసం వీడియో కార్ట్రిడ్జ్‌లు అమ్మింది. గేమ్ పెట్టే చోటే ఈ కార్ట్రిడ్జ్ పెడితే కార్టూన్ వస్తుంది. 2005 నాటికి ఇంకో అడుగు ముందుకేసి, ష్రెక్ సినిమా మొత్తాన్ని 64 మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లో కుక్కేశారు.

ఒకసారి లెక్క వేయండి. సినిమా దాదాపు గంటన్నర. అంటే సెకనుకి 12 కిలోబైట్లు, బొమ్మా మాటా కలిపి. ఈ రోజు మనం వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటే అంతకన్నా బరువుంటుంది. బొమ్మ మసకగా, గళ్లు గళ్లుగా ఉండేది. అయినా కారు వెనక సీట్లో కూర్చున్న పిల్లవాడికి అది సినిమానే.

ఇక్కడో చిన్న విషయం గమనించండి. గేమ్ బాయ్ గేమ్‌లని టీవీలో ఆడుకోవడానికి నింటెండో గేమ్ బాయ్ ప్లేయర్ అని ఒక పరికరం అమ్మేది. ఈ వీడియో కార్ట్రిడ్జ్‌లు మాత్రం అందులో పెడితే ఆడవు. టీవీ దాకా పోతే జనం రికార్డు చేసేసుకుంటారని భయం. అంటే వస్తువు మీదే, కానీ ఎక్కడ చూడాలో వాళ్లు చెప్తారు. తాళం గురించిన గొడవ అప్పుడే మొదలైందన్నమాట.

ఇక సోనీ పీఎస్‌పీ సంగతికి వద్దాం. 2004 డిసెంబర్‌లో జపాన్‌లో, 2005 మార్చిలో అమెరికాలో వచ్చింది. సోనీలో ప్లేస్టేషన్‌కి పితామహుడు అనదగ్గ కెన్ కుటరాగి దీన్ని 21వ శతాబ్దపు వాక్‌మన్‌గా పరిచయం చేశాడు. అంటే గేమ్‌లు ఒక్కటే కాదు, పాటలూ సినిమాలూ అన్నీ ఇందులోనే అని. తెర 4.3 అంగుళాలు. అప్పటికి అది చాలా పెద్ద తెర. మామూలు సెల్‌ఫోన్ తెర అందులో సగం కూడా ఉండేది కాదు.

సినిమా కోసం సోనీ యూఎండీ అని ఒక చిన్న డిస్క్ తయారుచేసింది. అడ్డం 6 సెంటీమీటర్లు, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఉంటుంది, 1.8 గిగాబైట్ల దాకా పడుతుంది. అమెరికాలో అమ్మిన మొదటి పది లక్షల పీఎస్‌పీలతో స్పైడర్‌మ్యాన్ 2 డిస్క్‌ని ఉచితంగా ఇచ్చారు. మొదటి ఏడాది అమ్మకాలు బాగానే సాగాయి. హాలీవుడ్ స్టూడియోలు ఉత్సాహంగా వరసపెట్టి సినిమాలు వదిలాయి. 2006 వచ్చేసరికి అదే స్టూడియోలు ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి.

ఎందుకు? కారణాలు చాలా మామూలువి. డిస్క్ ధర డీవీడీ అంత ఉండేది, కొన్నిసార్లు ఎక్కువే. డీవీడీ అయితే ఇంట్లో అందరూ కలిసి టీవీలో చూస్తారు. యూఎండీ పీఎస్‌పీలో తప్ప ఎక్కడా ఆడదు. మొదటి మోడల్‌ని టీవీకి కలపడానికి కూడా లేదు, ఆ సౌకర్యం 2007 మోడల్‌తో వచ్చింది. ఖాళీ యూఎండీలు మార్కెట్లో అమ్మలేదు కాబట్టి మన వీడియోలు మనం రాసుకోవడానికీ వీల్లేదు. ఒకే సినిమాని రెండుసార్లు ఎవరు కొంటారు చెప్పండి? ఈలోగా మెమరీ స్టిక్ ధరలు తగ్గాయి. ఇంట్లో ఉన్న డీవీడీని కంప్యూటర్‌లో చిన్న ఫైల్‌గా మార్చి, మెమరీ స్టిక్‌లో వేసుకుని చూసేవాళ్లు పెరిగారు.

స్ట్రీమింగ్ అనే పని కూడా ఈ మెషీన్‌లోకి చాలా ముందే వచ్చింది. సోనీ దగ్గర లొకేషన్ ఫ్రీ అని ఒక పెట్టె ఉండేది. దాన్ని ఇంట్లో టీవీ కనెక్షన్‌కి తగిలిస్తే, ఇంట్లో వచ్చే టీవీని ఇంటర్నెట్ మీదుగా ఇంకో చోటికి పంపుతుంది. 2005 అక్టోబర్‌లో వచ్చిన అప్‌డేట్‌తో పీఎస్‌పీ కూడా దాన్ని అందుకోగలిగింది. వైఫై దొరికే చోట కూర్చుని, ఊళ్లో ఉన్న మీ ఇంటి టీవీని చేతిలో చూడొచ్చు. నెట్‌ఫ్లిక్స్ తన స్ట్రీమింగ్ మొదలుపెట్టింది 2007లో. అంటే అంతకు ముందే ఇది జరిగింది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఏంటంటే, పంపే పెట్టె మీ ఇంట్లోనే ఉంది. తాళం ఇంకా మీ గుమ్మం దాటలేదు.

2008 జూలైలో సోనీ అమెరికాలో ప్లేస్టేషన్ స్టోర్‌లో సినిమాలు అమ్మడం, అద్దెకివ్వడం మొదలుపెట్టింది. డౌన్‌లోడ్ చేసుకుని పీఎస్‌పీలోకి మార్చుకోవచ్చు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో పీఎస్‌పీ గో వచ్చింది. అందులో అసలు డిస్క్ పెట్టే చోటే లేదు. డిస్క్ కొనుక్కుని దాచుకున్నవాళ్లకి కొత్త మెషీన్‌లో ఆ డిస్క్‌లు పనికిరాకుండా పోయాయి. ఇక్కడ తాళం మన చేతిలోంచి స్టోర్ అకౌంట్‌లోకి మారింది.

తర్వాత అసలు స్ట్రీమింగ్ వచ్చింది. 2011 జూలైలో నింటెండో 3డీఎస్‌కి నెట్‌ఫ్లిక్స్ యాప్ ఇచ్చారు. 2012 ఫిబ్రవరిలో సోనీ పీఎస్ వీటా అమెరికాకి వచ్చినప్పుడు మొదటి నుంచే నెట్‌ఫ్లిక్స్ ఉంది. వీటా తెర 5 అంగుళాల ఓలెడ్. ఆ రోజుల్లో దాన్ని చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి అయ్యేది కాదు.

స్ట్రీమింగ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే ఆధారపడింది. సర్వర్‌లో సినిమాని కొన్ని సెకన్ల చిన్న చిన్న ముక్కలుగా కోసి పెడతారు. ఒక్కో ముక్కకి రకరకాల క్వాలిటీల్లో కాపీలు ఉంటాయి. నెట్ బాగుంటే పెద్ద ముక్క, లేకపోతే చిన్న ముక్క. మీకు సడన్‌గా బొమ్మ మసకబారేది అందుకే. ఆ ముక్కలన్నిటికీ తాళం వేసి ఉంటుంది. మీ మెషీన్ సర్వర్‌ని అడిగి తాళంచెవి తెచ్చుకుంటుంది, ముక్కని తెరిచి చూపిస్తుంది, ఆ తర్వాత పారేస్తుంది. సినిమా అయిపోయాక మీ చేతిలో మిగిలేది ఏమీ ఉండదు.

అంటే సర్వర్ తాళంచెవి ఇవ్వడం ఆపేస్తే, మెషీన్ ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు. సరిగ్గా అదే జరిగింది. వీటాలో యూట్యూబ్ యాప్ 2015లోనే పోయింది. 3డీఎస్‌లో యూట్యూబ్ 2019 సెప్టెంబర్‌లో, నెట్‌ఫ్లిక్స్ 2021 జూన్ 30న ఆగిపోయాయి. ఆ రోజు ఆ మెషీన్లకి బ్యాటరీ పోలేదు, తెర పగల్లేదు. అవతలి వైపు తలుపు మూశారు, అంతే. కంపెనీ వైపు నుంచి చూస్తే అర్థం ఉంది. సర్వర్లు మారుతుంటాయి, వీడియో ఫార్మాట్లు మారుతుంటాయి, సెక్యూరిటీ మారుతుంటుంది. తక్కువమంది వాడే పాత మెషీన్ కోసం యాప్‌ని మారుస్తూ కూర్చోవడానికి ఖర్చవుతుంది.

యాప్ పోతే ఇంకో యాప్ చూసుకుంటాం. కొన్న సినిమా పోతే? 2021 ఆగస్టు 31తో ప్లేస్టేషన్ స్టోర్ సినిమాల అమ్మకం ఆపేసింది. అంతకు ముందు కొన్నవి చూసుకోవచ్చన్నారు. సరిగ్గా ఏడాదికి, జర్మనీ, ఆస్ట్రియాల్లో స్టూడియోకెనాల్ సంస్థ సినిమాలు కొన్నవాళ్ల లైబ్రరీల్లోంచి ఆ సినిమాలు తీసేస్తామని చెప్పారు. కారణం లైసెన్స్ ఒప్పందాలు. 2023 డిసెంబర్‌లో అమెరికాలో డిస్కవరీ షోల విషయంలోనూ ఇలాంటి ప్రకటనే వచ్చింది. జనం గట్టిగా గోల చేశారు. నెల తిరక్కుండానే ఒప్పందం సవరించి, తీసేయడం లేదన్నారు. గమనించండి, వీళ్లు అద్దెకి తీసుకున్నవాళ్లు కాదు. కొను అనే బటన్ నొక్కి డబ్బు కట్టినవాళ్లు. ఆ పక్కన 2005లో కొన్న యూఎండీ డిస్క్ చూడండి. డిస్కూ మెషీనూ పాడవకుండా ఉంటే ఈ రోజుకీ ఆడుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

మరి మన సంగతేంటి? 3డీఎస్‌లో నెట్‌ఫ్లిక్స్ వచ్చేనాటికి మన దేశంలో నెట్‌ఫ్లిక్సే లేదు. అది 2016 జనవరిలో వచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అంతకు ముందు మన ఊళ్లలో జేబు సినిమా అంటే సెల్ షాపు. మెమరీ కార్డు ఇస్తే పాటలు, సినిమాలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. అది దొంగ కాపీ, సినిమా తీసినవాళ్లకి పైసా వెళ్లేది కాదు, దాన్ని నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఒక సంగతి ఉంది. మనలో ఎక్కువమంది మెమరీ కార్డు నుంచి నేరుగా ఓటీటీకి దూకేశాం. మధ్యలో డిజిటల్ స్టోర్‌లో కొనుక్కుని, అది పోగొట్టుకునే మెట్టు మనకి తగల్లేదు. అందుకే తాళం ఎవరి దగ్గరుంది అనే ప్రశ్న మనకి పెద్దగా రాలేదు.

ఇప్పుడు వచ్చింది, ఎందుకంటే ఆ గేమ్ మెషీన్ల స్థానంలో మన ఫోనే ఉంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో హులు, యూట్యూబ్ వచ్చాయి కానీ నెట్‌ఫ్లిక్స్ రానేలేదు. పెద్దగా ఎవరూ బాధపడలేదు, పక్క జేబులో ఫోన్ ఉంది కదా. మీ ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ అని ఉంటుంది చూశారా? అది డౌన్‌లోడే, కానీ ఫైల్‌కి తాళం ఉంటుంది, గడువు ఉంటుంది. గడువు దాటితే ఫైల్ మీ ఫోన్‌లోనే ఉన్నా తెరుచుకోదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వైడ్‌వైన్ అనే తాళం వ్యవస్థ ఉంటుంది. అందులో ఎల్1 స్థాయి లేని ఫోన్‌లో, తెర ఎంత మంచిదైనా, నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ ఇవ్వదు. చెప్పాను కదా, గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్ టీవీలో ఆడనన్నది. ఇది దాని మనవడే.

అలాగని స్ట్రీమింగ్ చెడ్డదని నేననను. ఒక్క డిస్క్ ధరకి నెలంతా వందల సినిమాలు చూడొచ్చు. పల్లెటూళ్లో ఉన్న పిల్లవాడికి ప్రపంచ సినిమా దొరుకుతోంది. యూఎండీ వ్యవస్థ ఎప్పటికీ అంత చేయలేకపోయేది. డిస్క్‌లు గీతలు పడతాయి, మెషీన్లు పాడవుతాయి, అదీ నిజమే. నేను అడిగేది ఒక్కటే, చేసేది అద్దె వ్యాపారం అయితే అద్దె అని చెప్పమని. కాలిఫోర్నియాలో ఇప్పుడు అలాంటి చట్టమే ఉంది. 2025 జనవరి 1 నుంచి, డిజిటల్ వస్తువుని కొనండి అని అమ్మాలంటే, మీకు వచ్చేది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి. పోయిన సినిమాలని అది వెనక్కి తేదు. కానీ డబ్బు కట్టే ముందు మనిషికి నిజం తెలుస్తుంది.

కాబట్టి ఈసారి ఏదైనా యాప్‌లో కొను అనే బటన్ కనిపిస్తే, కింద చిన్న అక్షరాల్లో ఏముందో ఒక్కసారి చదవండి. ఊరికే చూసి వదిలేసే సినిమాకి సబ్‌స్క్రిప్షన్ చాలు. పదేళ్ల తర్వాత మీ పిల్లలకి చూపించాలి అనుకునే సినిమా ఉంటే, దాని డిస్క్ దొరికితే కొని దాచుకోండి. అమ్మానాన్నల పెళ్లి వీడియో, తాతయ్య మాట్లాడిన వీడియో లాంటివైతే తాళం లేని మామూలు ఫైల్‌గా రెండు చోట్ల పెట్టుకోండి. ఏ సర్వర్ మూసేసినా వాటికి ఏమీ కాదు.

మీ దగ్గర పాత పీఎస్‌పీ గానీ, 3డీఎస్ గానీ ఉంటే, అందులో ఇప్పటికీ ఏం ఆడుతోందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.