పేరున్న సిగార్.. పేరులేని ఆకు
హవానా నుంచి నంద్యాల వరకు పొగాకు నేలల కథ

కర్నూలు: ఖరీదైన సిగార్ కొనేవారు ముందుగా విచారించేది ఆకు ఏ నేలలో పండిందనే. క్యూబాలోని వుయెల్టా అబాహో, నికరాగ్వాలోని ఎస్తెలీ, డొమినికన్ రిపబ్లిక్‌లోని సిబావో లోయ వంటి ప్రాంతాల పేర్లు సిగార్ పెట్టెలతో పాటు దేశదేశాలకు చేరాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని నల్లరేగడి నేలల్లోనూ తరాలుగా పొగాకు పండుతోంది. అయితే ఈ ఆకు బీడీలో నలిగి పొడిగా మారిపోతుంది. అది నంద్యాలలో పండిందని కాల్చేవారికి తెలియదు. పంటకు పేరు, వేలం ఉన్నచోట రైతు పరిస్థితి ఒక విధంగానూ, అవి రెండూ లేనిచోట మరో విధంగానూ ఉంటుందనడానికి పొగాకు మంచి ఉదాహరణ.

సిగార్‌లో మూడు ఆకులు

సిగరెట్‌లో తరిగిన పొగాకు చుట్టూ కాగితం ఉంటుంది. సిగార్‌లో కాగితానికి తావు లేదు. మన చుట్ట మాదిరిగానే అది మొత్తం ఆకే. ఆంగ్లంలోని ‘చెరూట్’ అనే మాటకు మూలం ‘చురుట్టు’ అనే తమిళ పదమని, ‘చుట్ట’ దానికి సోదర పదమని భాషావేత్తలు చెబుతారు.

మేలు రకం సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల పొడవుగా మడిచి పెట్టే ఆకును ఫిల్లర్ అంటారు. ఘాటు, రుచి, మండే గుణం కోసం మొక్క పై భాగం, నడుమ, అడుగు ఆకులను ఇందులో వేర్వేరు పాళ్లలో కలుపుతారు. ఎండ ఎక్కువగా తగిలే పై ఆకు ఘాటుగా ఉంటుంది. అడుగు ఆకు తేలికగా ఉండి బాగా మండుతుంది. ఈ కట్టను పట్టి ఉంచే ఆకు బైండర్. అన్నిటికీ పైన వచ్చే పలుచని, నునుపైన, మచ్చలేని ఆకు రేపర్. పొలంలో పండే ఆకుల్లో అత్యధిక ధర పలికేది సాధారణంగా ఇదే.

కోసిన ఆకును కొట్టాల్లో కర్రలకు వేలాడదీసి వారాల తరబడి గాలికి ఆరబెడతారు. తర్వాత పెద్ద కుప్పలుగా పేర్చి పులియబెడతారు. మన పొగాకు రైతులు మండె వేయడం వంటిదే ఈ పద్ధతి. కుప్ప లోపల పుట్టే వేడికి ఆకులోని వగరు, అమోనియా వాసన తగ్గుతాయి. వేడి మితిమీరకుండా కుప్పను విప్పి మళ్లీ పేర్చుతారు. అనంతరం నెలలు, కొన్ని రకాలకైతే సంవత్సరాల పాటు నిల్వ ఉంచి, చివరకు చేత్తో చుడతారు. ఈ కాలమూ, ఈ చేతిపనీ కలిసి సిగార్ ధరను పెంచుతాయి.

వుయెల్టా అబాహో విశిష్టత

క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో రాష్ట్రంలో ఉంది వుయెల్టా అబాహో. ఎర్రని ఇసుకపాటి నేలలు, గాలిలో తేమ, పొడిగా ఉండే చలికాలం ఇక్కడి ఆకుకు పేరు తెచ్చాయి. సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినెస్ పరిసరాలు వీటిలో మేటి. రేపర్ కోసం పెంచే మొక్కలకు పైన గుడ్డ పందిళ్లు వేస్తారు. ఎండ నేరుగా తగలనందువల్ల ఆకు పలుచగా, వెడల్పుగా సాగుతుంది.

పార్టగాస్ 1845లో, మాంటెక్రిస్టో 1935లో ఈ దేశం నుంచే పుట్టాయి. అలెగ్జాండర్ డ్యూమా నవల పేరును మాంటెక్రిస్టోకు పెట్టారు. హవానా కర్మాగారాల్లో కార్మికులు చుడుతుండగా ఒకరు ఎత్తయిన పీటపై కూర్చుని వార్తాపత్రికలు, నవలలు చదివి వినిపించే ఆచారం 1865లో మొదలైంది. 1966లో వచ్చిన కోహిబా తొలుత క్యూబా అధినేత ఫిడెల్ కాస్ట్రో వాడకానికి, విదేశీ అతిథులకు కానుకగా ఇవ్వడానికి తయారైంది. 1982 నుంచి అది బహిరంగ మార్కెట్‌లోకి వచ్చింది. క్యూబాలో పండిన ఆకుతో, క్యూబాలోనే చుట్టిన వాటికి తప్ప ‘హబానోస్’ అనే పేరు వాడరాదన్న నియమం ఈ వ్యాపారానికి వెన్నెముక.

పేరున్న నేలకూ ప్రకృతి భయం తప్పదు. 2022 సెప్టెంబరు 27న ఇయాన్ తుపాను పినార్ దెల్ రియోను తాకినప్పుడు పొగాకు ఆరబెట్టే కొట్టాలు వేల సంఖ్యలో నేలమట్టమయ్యాయి.

దేశాలు దాటిన విత్తనం

క్యూబా ప్రభుత్వం 1960లో సిగార్ కర్మాగారాలను జాతీయం చేసింది. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబాతో వ్యాపారాన్ని నిషేధించింది. దేశం వదిలిన కుటుంబాలు తమ నైపుణ్యాన్ని వెంట తీసుకువెళ్లాయి. క్యూబా విత్తనం చుట్టుపక్కల దేశాల నేలల్లో నాటుకుంది. హోసే ఓర్లాండో పడ్రోన్ 1964లో మయామీలో ప్రారంభించిన పడ్రోన్ సంస్థ నికరాగ్వా ఆకుతో ఖ్యాతి గడించింది. క్యూబాలో సిగార్లు చేయించిన డేవిడాఫ్ సంస్థ 1990ల ఆరంభంలో డొమినికన్ రిపబ్లిక్‌కు తరలింది. 1912లో అమెరికాలోని టాంపాలో మొదలైన ఆర్టురో ఫ్యుయెంటే కూడా ఆ దేశంలోనే స్థిరపడింది.

అమెరికాలోని కనెక్టికట్ నదీలోయలో 1900 ప్రాంతం నుంచి గుడ్డ పందిళ్ల కింద రేపర్ ఆకు పండిస్తున్నారు. తర్వాతి కాలంలో ఆ సాగులో అధిక భాగం ఈక్వెడార్‌కు తరలింది. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశాన్ని కమ్మి ఉండే మబ్బే పందిరి పని చేస్తుంది.

లంక పొగాకుకు దక్కిన గుర్తింపు

తెలుగు నేలపై పండిన ఆకుకు ఇటువంటి పేరు ఎన్నడూ రాలేదనడం సరికాదు. గోదావరి నది నడుమ లంకల్లో, వరద తీసిన తర్వాత మిగిలే ఒండ్రుపై పండే లంక పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. 19వ శతాబ్దంలో ఈ చుట్టలు ఇంగ్లండుకు చేరాయి. ‘లంక’ అనే మాట అక్కడ ‘లుంకా’గా మారింది. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదల గురించి మాట్లాడుతూ ఈ లుంకాను పేర్కొంటాడు. హంతకుడు లుంకా కాల్చేవాడని తేలితే వెదకవలసిన పరిధి తగ్గిపోతుందని అతడి వాదన. తిరుచిరాపల్లి చుట్ట నల్లని బూడిదను కూడా అక్కడే ప్రస్తావిస్తాడు. బూడిదను చూసి ఆకు పుట్టిన చోటును చెప్పగలిగేంతగా ఆ కాలపు చుట్టలకు ప్రత్యేకత ఉండేదన్నమాట.

తర్వాత సిగరెట్ వచ్చింది. 1920లలో గుంటూరు ప్రాంతంలో వేళ్లూనిన వర్జీనియా పొగాకు కోస్తా వ్యవసాయాన్నే మార్చివేసింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పాటైంది. సిగార్, చుట్ట పొగాకులపై తమిళనాడులోని వేదసందూర్‌లోనూ, రేపర్ ఆకుపై పశ్చిమబెంగాల్‌లోని దిన్‌హటాలోనూ ఈ సంస్థ పరిశోధన కేంద్రాలు పనిచేశాయి.

నల్లరేగడిలో బీడీ ఆకు

రాయలసీమ వాటా ఇందుకు భిన్నం. సిగార్ రేపర్‌కు నీడ, గాలిలో తేమ, తేలిక నేల కావాలి. కుందూ నది పరీవాహకంలోని నంద్యాల ప్రాంతంలో ఉన్నది బరువైన నల్లరేగడి, మండే ఎండ. ఈ పరిస్థితుల్లో ఆకు మందంగా, జిగురుగా, ఘాటుగా తయారవుతుంది. సిగార్‌కు లోపమైన ఈ గుణమే బీడీకి యోగ్యత.

వర్షాకాలంలో నారుమడి పోసి, వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాట్లు వేస్తారు. ఆపై పంటకు ప్రధాన ఆధారం నల్లరేగడి తన పొరల్లో దాచుకున్న తేమే. పూత దశలో తల తుంచి, ఆ తర్వాత వచ్చే పిలకలను పదేపదే తీసివేస్తారు. దీనితో మొక్క బలమంతా ఆకుకు చేరుతుంది. ఆకుపై తుప్పు రంగు మచ్చలు తేలితే పక్వానికి వచ్చినట్లు గుర్తు. సిగార్ ఆకుపై మచ్చ పడితే ధర పడిపోతుంది. బీడీ ఆకుపై మచ్చ లేకపోతే వ్యాపారి మొగం చిట్లిస్తాడు. కోసిన ఆకును ఎండలోనే ఆరబెట్టి, నలిపి, పొడి చేస్తారు. ఆ పొడిని తునికాకులో చుడితే బీడీ.

1906లో ఏర్పాటైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంటపైనా పనిచేసింది. నంద్యాల పొగాకు-1, నంద్యాల పొగాకు-2 అనే బీడీ పొగాకు రకాలు ఇక్కడి నుంచి వచ్చినవే. ఊరి పేరు విత్తనానికి దక్కింది గానీ సరుకుకు దక్కలేదు. ఇదే నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు మోసే బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి ఇక్కడ గమనార్హం.

వేలం కేంద్రం లేని పంట

పేరు లేకపోవడం కంటే పెద్ద లోటు ధర విషయంలో ఉంది. 1975 చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. రాష్ట్రంలో 1985 నుంచి వేలం కేంద్రాలు నడుస్తున్నాయి. అయితే ఈ వేలం బ్యారన్‌లలో కాల్చే వర్జీనియా పొగాకుకే పరిమితం. నాటు, బీడీ, బర్లీ రకాలు పండించే రైతు నేరుగా వ్యాపారితోనో, కంపెనీ ప్రతినిధితోనో బేరం కుదుర్చుకోవాలి. ఎందరు కొనుగోలుదారులు పోటీపడ్డారో, పొరుగు ఊరిలో ఏ ధర పలికిందో రైతుకు తెలిసే వ్యవస్థ లేదు.

ఈ లోటు ఒక్క సీమకే పరిమితం కాదు. కర్ణాటకలోని నిపాణి ప్రాంత బీడీ పొగాకు రైతులు 1981లో శరద్ జోషి నాయకత్వంలో గిట్టుబాటు ధర కోసం రహదారిపై బైఠాయించారు. ఏప్రిల్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు కోల్పోయారు. మన రాష్ట్రంలో 2025లో నల్ల బర్లీ ధరలు పతనమై ఆకు ఇళ్లలో పేరుకుపోయినప్పుడు, వేలం వ్యవస్థ లేని కారణంగా ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలుకు దిగవలసి వచ్చింది.

చుట్టే చేతులు

కర్నూలు, కడప పట్టణాల్లో ఇళ్ల వద్దనే బీడీలు చుట్టే మహిళలు ఉన్నారు. హవానా కర్మాగారంలో సిగార్ చుట్టే నిపుణుడికి వృత్తి గౌరవం ఉంది. ఇంటి గడపలో చేట ముందు కూర్చుని బీడీలు చుట్టే మహిళకు వెయ్యి బీడీల లెక్కన ముట్టే కూలే ఆధారం. భారత పార్లమెంటు 1966లో చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం విశేషం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో ఈ చట్టం కలిసిపోయింది.

ఆకు ఏదైనా హాని ఒకటే

సిగార్ ఖరీదు దాని హానిని తగ్గించదు. సిగార్ పొగ వల్ల నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వస్తాయి. పొగను లోనికి పీల్చకపోయినా నోటికి ముప్పు తప్పదు. బీడీ చిన్నదైనా, ఆరిపోకుండా పదేపదే పీల్చవలసి రావడంతో నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ అధికంగా శరీరంలోకి చేరతాయి. పండించేవారికీ బాధ తప్పదు. తడి ఆకును తాకినప్పుడు నికోటిన్ చర్మం గుండా ఇంకి వాంతులు, తలతిరుగుడు కలుగుతాయి. చేతులకు తొడుగులు, పొడి దుస్తులు దీనికి నివారణ.

భారతదేశం 2004లో ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని 17వ అధికరణం, పొగాకు రైతులకు, కార్మికులకు లాభసాటి ప్రత్యామ్నాయాలు చూపాలని చెబుతోంది. నంద్యాల నల్లరేగడికి ఆ ప్రత్యామ్నాయం కొత్తగా వెదకవలసినది కాదు. బీడీ పొగాకు రకాలనిచ్చిన పరిశోధన స్థానమే శనగలోనూ నంద్యాల శనగ-1 వంటి రకాలను, యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ-47ను అందించింది. శనగ కూడా నేలలోని తేమతోనే పండుతుంది. శనగకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. బీడీ పొగాకుకు అది లేదు. మద్దతు ధరకు సకాలంలో కొనుగోళ్లు జరిగితే రైతు పొగాకును వదలడం సులభమవుతుంది. అవి జరగని ఏడాది అతడు మళ్లీ వ్యాపారి వాకిటే నిలబడతాడు.

ఏ పేరు వెనుక ఏ నేల..

* కోహిబా, మాంటెక్రిస్టో, పార్టగాస్: క్యూబా, ముఖ్యంగా వుయెల్టా అబాహో
* పడ్రోన్: నికరాగ్వాలోని ఎస్తెలీ ప్రాంతం
* డేవిడాఫ్, ఆర్టురో ఫ్యుయెంటే: డొమినికన్ రిపబ్లిక్‌లోని సిబావో లోయ
* కనెక్టికట్ రకం రేపర్: అమెరికాలోని కనెక్టికట్ లోయ, ఈక్వెడార్
* లంక చుట్ట: గోదావరి లంకలు
* బీడీ పొగాకు: గుజరాత్‌లోని చరోతర్, కర్ణాటకలోని నిపాణి, మన నంద్యాల