బీమా లేని బండ్లు: ఎనభై ఏళ్ల లెక్క

రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలన్న నియమం మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంతో వచ్చింది. అమలైంది మాత్రం 1946 జూలై 1 నుంచి. 1988 చట్టం 146వ సెక్షన్‌లో దాన్నే కొనసాగించింది. అయితే ఎందరు పాటిస్తున్నారో చెప్పే లెక్క దశాబ్దాల పాటు లేదు. రిజిస్ట్రేషన్లు రవాణా కార్యాలయాల పుస్తకాల్లో, పాలసీలు బీమా కంపెనీల దగ్గర ఉండేవి. పోలీసులు బండి ఆపి కాగితాలు అడిగితేనో, ప్రమాదం జరిగితేనో సంగతి బయటపడేది.

అమెరికాలో బీమా లేనివారి లెక్క ప్రమాదాల నుంచే మొదలవుతుంది. బీమా లేనివారు ఢీకొడితే, అందుకు తగిన పాలసీ ఉన్న బాధితుడు తన కంపెనీనే పరిహారం అడగవచ్చు. బీమా ఉన్నవారు ఢీకొడితే వారి కంపెనీని అడుగుతాడు. ఈ రెండు రకాల క్లెయిముల నిష్పత్తిని బట్టి అక్కడి ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా కడుతుంది. 2019లో అది 12.6 శాతం, అంటే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి బీమా లేదు.

మన లెక్క బండ్ల నుంచి మొదలైంది. కంపెనీలన్నింటి పాలసీ వివరాలనూ ఒకచోట చేర్చేందుకు 2009లో ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఏర్పడింది. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ బ్యూరో లెక్కన బీమా లేని వాహనాలు 2018 మార్చిలో 54 శాతం, మరుసటి మార్చికి 57 శాతం. కొత్త కార్లకు మూడేళ్లు, ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలన్న సుప్రీంకోర్టు ఆదేశం 2018 సెప్టెంబరులోనే అమల్లోకి వచ్చింది. కానీ అది కొత్త బండ్లకే. రెన్యువల్ మానేసిన పాత బండ్లను తాకలేదు.

ఇలాంటి లెక్కకు మూలం మొత్తం బండ్ల సంఖ్య. తుక్కుకు పోయిన స్కూటరు రిజిస్ట్రేషన్ రద్దు కాకపోతే పుస్తకాల్లో బతికే ఉంటుంది, బీమా లేని శాతాన్ని పెంచుతుంది. ఆ పుస్తకాలన్నీ ఒకచోటా లేవు: 2021లో కేంద్రం పార్లమెంటుకు పాత వాహనాల సంఖ్య చెప్పినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వివరాలు అందులో చేరలేదు. అప్పటికి ఈ రాష్ట్రాలు వాహన రిజిస్ట్రేషన్ల కేంద్రీకృత డేటాబేస్ అయిన ‘వాహన్‌’లో లేవు.

లెక్క సరిగా ఉండాలన్న ఈ పట్టింపు అంకెల కోసం కాదు. బీమా లేని బండి గుద్దితే, ట్రిబ్యునల్ ఎంత పరిహారం రాసినా యజమాని జేబులోంచే రావాలి. ఆ జేబు ఖాళీ అయితే బాధితుడి ఇంటికి చేరేది తీర్పు కాగితమే. తిరిగే బండ్లెన్నో, వాటిలో ఏ వయసువి, ఏ జిల్లావి బీమా తప్పాయో విడదీసి చెప్పగలిగిన నాడే ఎనభై ఏళ్ల నాటి నియమం ఆ ఇంటికి అక్కరకొస్తుంది.