హైదరాబాదు చెరువులకు శీతకాలపు అతిథులు

హిమాయత్‌నగరు నుండి ట్యాంకుబండు కొలది దూరమే. సాయంకాలము గాలికై అచటికి పోవువారు అనేకులు; పక్షులకొరకు పోవువారు స్వల్పము. ఆ హుస్సేన్‌సాగరమును ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562లో, హుస్సేన్‌షా వలీ కట్టించెను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచెత్తిన పిదప 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసినవి. తాగునీటికి, వరద నివారణకు మనుష్యులు కట్టుకొన్నవే గాని, పక్షులను ఎవరును పిలువలేదు. పిలువకయే అవి వచ్చినవి.

వచ్చుట సామాన్యపు దూరమునుండి కాదు. తలపై రెండు నల్లని పట్టెలుగల బాతు టిబెట్టు, మంగోలియా సరస్సుల చెంత పిల్లలను పెంచి, చలికాలమునకు హిమాలయములను దాటి దక్షిణమునకు దిగును. ఉపగ్రహములకు సంకేతములు పంపు చిన్న పరికరములను తగిలించి చూడగా, అది 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్లు తేలినది.

నిజాము రాజ్యమందలి పక్షులను క్రమముగా పరిశీలించిన ఖ్యాతి సలీం అలీగారిది. 1931–32లో ఆయన రాజ్యమంతట తిరిగి చేసిన పరిశీలన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వెలువడెను. ఆనాడు పరిశీలన యనగా తుపాకితో కొట్టి చర్మములను భద్రపరచుటయు అందులో భాగమే! దుర్భిణితో చూచి విడిచిపెట్టు అలవాటు క్రమముగా పెరిగినది. 1980లో ఇచటనే పక్షివీక్షకుల సంఘమొకటి ఏర్పడెను.

పెద్ద సాగరములకు పేరున్నది. కాని ఉల్లంకి పిట్టకు కావలసినది లోతునీరు కాదు. వానకాలమున నిండిన కుంట చలికాలమున మెల్లగా తగ్గును. అపుడు బయటపడు బురద అంచున పురుగులు, నత్తలు దొరకును. అదియే దాని భోజనశాల. సుందరీకరణ పేరిట చుట్టును నిలువుగా రాతిగోడ కట్టినచో నీరు మిగులును గాని అంచు మిగులదు. ఈ సంగతిని ఇంజనీర్లకంటె పిట్టలే ముందు గ్రహించునని నా నమ్మకము. నాంపల్లికి అనతిదూరమున మాసాబ్‌ట్యాంకు కలదు. పేరులో చెరువున్నది, చెరువు మాత్రము లేదు.

నగరమునకు పడమట అమీన్‌పూరు చెరువు అదృష్టము వేరు. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు, ఎండ ముదరకమునుపు, సూర్యుని వీపునకు ఉంచుకొని గట్టున నిలిచినచో, సూదితోక బాతులను దుర్భిణి లేకయే గుర్తింపవచ్చును.