తండా అంటే ఏంది?



మదనపల్లె హాస్టల్లో చేరిన కొత్తలో "మీది ఏ ఊరు?" అంటే "పుంగనూరు పక్క" అని ఊరుకునేవాణ్ణి. తండా అనే మాట నోటికి వచ్చేది కాదు. ఒకరోజు చెప్పేశా. హిందీ సినిమాలు చూసేవాడొకడు "తండా అంటే చల్లనిది కదరా, నువ్వు కూల్‌డ్రింకా?" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వినా, రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అడగడానికి ఎవరూ లేరు, అందుకే వెతికి చదివినా. తెలిసింది రాస్తున్నా.

హిందీలో చల్లనిది "ఠండా". అది వేరే మాట. సంస్కృతంలో "స్తబ్ధ", అంటే కదలకుండా బిగుసుకుపోయినది, దాని నుంచి వచ్చిందని భాషా పండితులు అంటారు. మన తండా దానికి సరిగ్గా ఎదురు. ఉత్తరాదిన "టాండా" అంటే సరుకు ఎత్తిన ఎద్దుల బిడారు. మన పెద్దోళ్ళు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగినారు. మొగలుల సైన్యాలకి కూడా ధాన్యం మోసినారు. రైళ్ళు వచ్చినాక ఆ బతుకుతెరువు పోయింది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చి, ఎన్నో సంచార జాతులకి పుట్టుకతోనే దొంగల ముద్ర వేసినారు. తిరగడమే తప్పయింది. ఎద్దుల నడక ఆగింది, బిడారు పేరు మాత్రం ఊరికి మిగిలింది.

సముద్రం దాటితే ఇంకో వింత. మలయ్, ఇండోనేషియా భాషల్లో "తండా" అంటే గుర్తు. సంతకాన్ని "తండా తాంగన్" అంటారు, చేతి గుర్తు అని. మెక్సికో స్పానిష్‌లో "తాండా" అంటే చీటీ! అందరూ తలా కొంత వేస్తారు, వంతు వచ్చినవాళ్ళు ఎత్తుకుంటారు. మా యాడి వేసే చీటీ మాదిరే. వీటికీ మనకీ చుట్టరికం లేదు, శబ్దం కలిసిందంతే. ఒక మాట ఏందో తెలియాలంటే అది ఏ దారిన నడిచి వచ్చిందో చూడాల.

మన సంగతే చూడండి. రాయలసీమలో సుగాలి, తెలంగాణలో లంబాడీ, కర్ణాటకలో లంబాణీ. ఇక్కడ మనం ఎస్టీ. కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే మనోళ్ళే ఎస్సీ. పేరు మారింది, జాబితా మారింది. తండా మాత్రం అక్కడా తండానే.

కుప్పం అన్నానని గుర్తొచ్చింది. తమిళంలో కుప్పం అంటే గుడిసెల చిన్న ఊరు. ఇప్పుడు ఆ కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. కుప్పంలో చదివినానని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. మరి తండా అని చెప్పడానికి నేనెందుకు సిగ్గుపడాల?

ఇప్పుడు ఎవరడిగినా తండా అనే చెప్తున్నా. ఎరుకల, యానాది తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు దాచుకున్న మాట ఏదన్నా ఉంటే దాని కథ రాయండి, చదువుతాం.