కయాకింగ్

కయాకింగ్ అనేది సన్నని తేలికపాటి పడవలో ముందుకు కాళ్లు చాచి కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డును కుడి ఎడమల మార్చి మార్చి వేస్తూ సాగించే జలక్రీడ. దీనికి మూలమైన పడవను ఆర్కిటిక్ తీరవాసులైన ఇన్యూట్, అల్యూట్ ప్రజలు సముద్రజంతువుల వేటకై రూపొందించుకున్నారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలపతోగాని, తిమింగలపు ఎముకలతోగాని చట్రం కట్టి, దానిపై సీల్ చర్మం బిగించి, వేటగాడు కూర్చునే రంధ్రం తప్ప పైభాగమంతా మూసివేసేవారు. తలకిందులైన పడవను అందులోంచి దిగకుండానే తెడ్డు ఊపుతో, నడుము కదలికతో తిరిగి నిలబెట్టే ‘రోల్’ అనే నైపుణ్యం కూడా ఆ వేటగాళ్ల నుంచి సంక్రమించినదే. ఐరోపాలో కయాకింగ్ వినోదక్రీడగా వ్యాపించడానికి జాన్ మెక్‌గ్రెగర్ 1865లో ‘రాబ్ రాయ్’ అనే పడవపై చేసిన యాత్ర, దానిపై 1866లో వెలువరించిన గ్రంథం విశేషంగా తోడ్పడ్డాయి.

ఒలింపిక్ క్రీడల్లో కయాక్ పందేలు పురుషులకు 1936లో బెర్లిన్‌లోను, మహిళలకు 1948లో లండన్‌లోను మొదలయ్యాయి. నిశ్చల జలాల్లో జరిగే వేగపు పందెమైన స్ప్రింట్‌లో ఒక్కరే నడిపే కయాక్ పొడవు 5.2 మీటర్లకు మించరాదు, బరువు 12 కిలోలకు తగ్గరాదు. ఉరవడి నీటిలో, పైనుంచి వేలాడే కర్రల జతల మధ్యగా సాగే స్లాలమ్‌లో కర్రను తాకితే 2 సెకన్లు, జతను తప్పిపోతే 50 సెకన్లు పోటీదారు సమయానికి కలుపుతారు. 1972లో మ్యూనిక్ క్రీడల్లో ప్రవేశించిన ఈ విభాగం 1992 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ కొనసాగుతున్నది.