తామ్రపత్రాలకెక్కని స్వరం

మన సంగీతశాస్త్రంలో మాతువు, ధాతువు అని రెండు పదాలున్నాయి. మాతువు సాహిత్యం, ధాతువు దానికి ఆశ్రయమైన స్వరరచన. రెండింటినీ తానే నిర్మించినవాడు వాగ్గేయకారుడు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఈ లక్షణాన్ని నిరూపించాడు. 1957 నాటి భారతీయ కాపీరైట్ చట్టంలోనూ ఇదే విభాగం కనబడుతుంది. సాహిత్యం ఒక కృతి, సంగీతం వేరొక కృతి, ధ్వనిముద్రణ మూడవది. మూడింటి హక్కులూ వేరు, వాటి కాలావధులూ వేరు.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కీర్తనల మాతువూ ధాతువూ శిష్యపరంపర ద్వారా మనకు సంక్రమించాయి. అవి సర్వజనుల సొత్తు. అంతకు మూడు శతాబ్దాలకు పైగా పూర్వుడైన అన్నమాచార్యుల (1408–1503) విషయం విచిత్రమైనది. ఆయన సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల ఆలయంలో భద్రంగా నిలిచాయి. రేకులపై పదమున్నది, రాగనామమున్నది. స్వరం మాత్రం లేదు. గానపరంపర చాలావరకు విచ్ఛిన్నమైంది. 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రభృతులు ఆ పదాలకు నూతనంగా వరుసలు కట్టారు. రేవతి రాగంలో మనం వినే ‘నానాటి బ్రదుకు’ వరుస నేదునూరివారిదే.

కావున ప్రాచీనమని మనం భావించే ఆ గానంలో మాతువు అయిదు వందల ఏండ్లనాటిది, ధాతువు నిన్నటిది. చట్టంలోని సాధారణ నియమాన్ని అనుసరించి, కర్త మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏండ్లు హక్కు నిలుస్తుంది. రాళ్ళపల్లివారు 1979లో కీర్తిశేషులైనారు. వారి స్వరరచనలకు ఆ గడువు 2039 చివరితో తీరుతుంది. 2014లో దివంగతులైన నేదునూరివారి రచనలకు అది 2074 వరకు ఉంటుంది. ధ్వనిముద్రణకు గణన వేరు: ప్రచురితమైన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏండ్లు. అనగా 1964లో వెలువడిన గ్రామఫోన్ రికార్డుపై హక్కు 2024తో ముగిసింది. అయినను అందులోని వరుస రాళ్ళపల్లివారిదైతే, ఆ వరుసకు ఇంకను రక్షణ ఉన్నది. రికార్డు స్వేచ్ఛ పొందినంత మాత్రాన పాట స్వేచ్ఛ పొందినట్లు కాదు.

‘అన్నమయ్య పాట అందరిదీ’ అనే మాట మాతువు విషయంలో సత్యం, ధాతువు విషయంలో అర్ధసత్యం. ఈ అర్ధసత్యం వలన కలిగే నష్టం ధనానికి మాత్రమే పరిమితం కాదు. ఆహ్వానపత్రికలోనూ వేదికపైనా ‘రచన: అన్నమాచార్య’ అని మాత్రమే ప్రకటించినప్పుడు, మూగవోయిన పదానికి కంఠమిచ్చినవాని పేరు లుప్తమవుతుంది. రాగిరేకులు స్వరాన్ని దాచలేకపోయాయి. మనం స్వరకర్తను దాచివేస్తున్నాము. కర్తృత్వాన్ని చాటుకొనే హక్కును చట్టం ఆర్థికహక్కు నుండి వేరుగా గుర్తించింది. మన సంప్రదాయం దానినే ఋషిఋణమన్నది. గడువు తీరితే రుసుము తీరుతుంది, స్మరణ తీరదు. పాడేముందు పదకర్తతోపాటు వరుస కట్టినవారిని కూడ పేర్కొనడం ఆ ఋణానికి మనం చెల్లించగల కనీస వడ్డీ.