రాతినార నేల, కడుపు జబ్బు

పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె రాతిలో పట్టుదారంలాంటి చారలుంటాయి. గోటితో గీరితే పోగులుగా విడిపోతాయి. వేంపల్లె డోలమైటు పొరల్లోకి ఒకప్పుడు శిలాద్రవం చొచ్చుకొచ్చి, ఆ వేడికి రాయి మారిపోయి పుట్టిన రాతినార (ఆస్బెస్టాస్) అది. దత్తమండలాల రాతినార మీద భూగర్భ సర్వేక్షణ శాఖ అధికారి కౌల్సన్ 1934లోనే ఒక గ్రంథం రాశాడు. ఇలాంటి చిన్న గనుల్లో రాయిని సుత్తితో చితక్కొట్టి, నారను చేత్తో వేరుచేసేవాళ్ళు. ఈ ప్రాంతంలోని ప్రొద్దుటూరు బంగారం, పత్తి వ్యాపారం గురించి అందరూ చెప్తారు. ఈ దుమ్ము పని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. కడుపు క్యాన్సర్ చరిత్రను ఈ సీమలో వెతకాలంటే మాత్రం దీన్ని దాటిపోవడం కుదరదు.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆ జబ్బుతో పోతే "వాళ్ళ వంశంలోనే ఉండాది" అనేస్తారు. జన్యుశాస్త్రం ఈ మాటను కొంతవరకే ఒప్పుకుంటుంది. న్యూజిలాండ్‌లో తరతరాలుగా కడుపు క్యాన్సర్‌తో పోతున్న ఒక మావోరీ కుటుంబం గురించి 1964లోనే వైద్య పత్రికలో వచ్చింది. కారణం తేలింది 1998లో: కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే ప్రోటీన్‌ను తయారుచేసే సీడీహెచ్1 జన్యువు చెడిపోయిందని పారీ గిల్ఫర్డ్ బృందం కనిపెట్టింది. అయితే అలా పుట్టుకతో వచ్చేవి నూటికి మూడు మించవు. మిగతావాటిలో జన్యువులు బతుకంతా కొంచెం కొంచెంగా దెబ్బతింటూ వస్తాయి. కడుపు లోపలి పొర వాపుతో మొదలై, పొర పలచబడి, పేగు పొరలా మారి, చివరికి క్యాన్సర్ కావడానికి దశాబ్దాలు పడుతుందని పెలాయో కొరియా 1975లో ప్రతిపాదించాడు. ఆ మొదటి వాపుకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. అది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే అంటుతుంది. అంటే వంశం అని మనం అనుకునేదాంట్లో పెద్ద భాగం ఇల్లే: ఒకే చెంబు, ఒకే ఉప్పు, ఒకే కూలి పని.

రాతినార ఊపిరితిత్తులకు కదా చేటు, కడుపుకేం సంబంధం అనొచ్చు. పీల్చిన పోగుల్లో కొన్ని కఫంతో పైకొచ్చి మింగుడులో కడుపులోకే పోతాయి. అలాగని గనిమీదే నేరం మోపేయలేం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ఊపిరితిత్తి క్యాన్సర్‌కు రాతినార కారణమని గట్టిగా చెప్పింది, కడుపు దగ్గర సంబంధం కనిపిస్తోందని మాత్రమే అని ఆగింది. సూక్ష్మజీవి ఒక్కటే దోషి అనడం కూడా చెల్లదు. మన దేశంలో అది చాలామంది కడుపుల్లో ఉన్నా, కడుపు క్యాన్సర్ జపాన్ కంటే ఎంతో తక్కువ. అందుకే జన్యువు, క్రిమి, తిండి, పని ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసిన చోట వెతకాలంటాను.

ఒక విచిత్రం చెప్పాలి. ఎండోస్కోపీ రాకముందు కడుపులో గడ్డను ఎక్స్‌రేలో చూడ్డానికి రోగిచేత తాగించిన బేరియం, ఇదే పులివెందుల నేలలో దొరికే ముగ్గురాయిలోని పదార్థమే. రోగాన్ని చూసే చోటు ఈ ప్రాంతంలో లేక కాదు: జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆసుపత్రి గనుల హడావిడికి ముందునుంచే ఉంది. కానీ రోగం పేరు రాసుకోవడం వేరు, రోగి ఏ పని చేశాడో రాసుకోవడం వేరు. క్యాన్సర్ రోగులను ఊరివారీగా లెక్కగట్టే రిజిస్ట్రీల జాతీయ పథకం కింద లెక్కలు మొదలైంది 1982లో, అదీ బొంబాయి, బెంగళూరు, మద్రాసుల్లో. రాతినారకు కొత్త లీజులు ఇవ్వొద్దని కేంద్రం చెప్పింది 1986లో. ఆ ఏడు ఇరవై ఏళ్ళున్న కూలీకి ఇప్పుడు అరవై. కడుపు క్యాన్సర్ ఎక్కువగా బయటపడేది ఆ వయసులోనే.